మూటలో లేని గౌను

"కత్తెర ఇటియ్యి."

ప్రమోద్ చెయ్యి చాపి నిలబడ్డాడు. రెండో చేతిలో మెరూన్ రంగు గౌను, కాళ్ళు కట్టి వేలాడదీసిన కోడిలా ఊగుతోంది.

మంజుల కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు. కత్తెర ఆమె ఒడిలోనే ఉంది. దాని మీద కొంగు కప్పి, పైన చెయ్యి పెట్టుకుంది.

"కత్తెర ఎందుకు?"

"ఎందుకో తెల్వదా నీకు? పీలికలు పీలికలు చేసి పొయ్యిల పెడ్త."

"పెట్టు. నిన్న చూసినోళ్ళ కండ్లల్లకెళ్ళి పోతదా?"

ప్రమోద్ గౌనును మంచం మీదికి విసిరికొట్టి, తలుపు చెక్కకు వీపు ఆనించి కూలబడ్డాడు. రాత్రంతా ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. ఇద్దరి కళ్ళూ మండుతున్నాయి.

నిన్న పొద్దున వాడకట్టు బడిలో ప్రార్థన జరుగుతుండగా, రెండో తరగతి చదివే వాళ్ళ కొడుకు శ్రవణ్ గౌను తొడుక్కొని వచ్చి ఆడపిల్లల వరసలో నిలబడ్డాడు. ఇల్లు దాటేటప్పుడు వాడి ఒంటి మీద గళ్ళ చొక్కా, మెరూన్ నిక్కరే ఉన్నాయి. గౌను పుస్తకాల సంచిలో ఉంది. కూతురిని దింపడానికి వచ్చిన ఒకాయన ఫోన్లో ఫొటో కొట్టి తల్లిదండ్రుల వాట్సప్ గ్రూపులో పెట్టాడు. మధ్యాహ్నానికల్లా అది నల్లగొండలో ప్రమోద్ పనిచేసే చీరల షోరూము దాకా పోయింది. పొద్దు వాలకముందే ప్రమోద్ రామన్నపేటలో బస్సు దిగాడు. చెప్పులైనా విప్పకుండా కొడుకును కొట్టాడు.

"డ్యూటీకి పోవా ఇయ్యాల?" మంజుల అడిగింది.

"ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

వంటింటి గడపలో కూర్చొని చింతపండు పిక్కలు తీస్తున్న సావిత్రమ్మ తల ఎత్తింది. "నేనన్నది విను బిడ్డా. పోరడు ఎరుకలేక చేసిండు. ఒక్క దినం నవ్వుతరు, రెండు దినాలు నవ్వుతరు..."

"నీకు తెల్వదమ్మా, వాళ్ళు ఎట్ల నవ్విండ్రో." అన్నాడు ప్రమోద్. "పదకొండేండ్ల సంది ఆ షోరూముల చీరలు చూపిస్తున్న. కుచ్చిళ్ళు పెట్టి, కొంగు నా భుజం మీదేసుకొని, అద్దం ముందట నిలబడి, ఇగో అమ్మా, కడితె గిట్లుంటది అని చూపిస్త. అది నా పని. నిన్న కౌంటర్ల అందరి ముందట ఒకడు ఏమన్నడో తెల్సా? అన్నా, కొడుక్కు గూడ నేర్పుతున్నవా అన్నడు. మా సేటు గూడ నవ్విండు."

పక్క అరలో ప్రమోద్ తండ్రి వెంకటనర్సు మగ్గం టకటకా ఆడుతూనే ఉంది. ఆ ముసలాయన నిన్నటి నుంచి ఒక్క మాట అనలేదు. కొడుకు కొడుతున్నప్పుడు కూడా అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగలేదు. కొట్టడం అయిపోయాక మనవడే వెళ్ళి మగ్గం గుంట పక్కన, తాత మోకాలికి ఆనుకొని కూర్చున్నాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు.

"డాడీ గూడ కట్టుకుంటడు గదా చీర." నిన్న దెబ్బల మధ్యలో వాడన్న మాట అది. ఎదురు చెప్పాలని అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆ తర్వాతి దెబ్బే అన్నిటికంటే గట్టిగా తగిలింది.

"బావకు ఫోన్ చేసిన," అన్నాడు ప్రమోద్. "పొద్దున్నే బయలెల్లిండు. సాయంత్రం వరకు వస్తడు. వాన్ని కొల్లాపూర్ తోలిస్తున్న."

మంజుల చెయ్యి కత్తెర మీద బిగిసింది. "ఎన్ని దినాలకు?"

"దినాలు కాదు. అక్కడనే చదువుతడు. అక్క ఇంట్ల ముగ్గురు మొగపిల్లలున్నరు. వాళ్ళతోని తిరిగితె సక్కగైతడు."

"ఏడేండ్ల పోరడు. నేను పక్కన లేకుంటె పండుకోడు."

"అందుకే గిట్ల తయారైండు."

సావిత్రమ్మ చేతిలోని చింతపండు పళ్ళెంలో పడేసింది. "కొల్లాపూర్ ఎందుకురా? ఎంత దూరం..."

"నువ్వు ఊకో అమ్మా. గౌను ఏసుకున్నదొక్కటే కాదు. దొంగతనం చేసిండు. సంఘపోళ్ళు నమ్మి కుట్టమని ఇంటికి పంపిన బట్టల మూటలకెళ్ళి, ఎవలో ఆడపిల్ల గౌను దొంగతనం చేసిండు. ఆ అలవాటు ఏడికి పోతది?"

దొంగతనం అన్న మాట విన్నాక సావిత్రమ్మ చింతపండు పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

మంజుల తల వంచుకొని మిషను సూదిలోకి దారం ఎక్కించబోయింది. మూడుసార్లు తప్పింది.

ఆ గౌను మూటలోది కాదు. ఆ సంగతి ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు మంజుల. ఇంకొకరు మగ్గం గుంట పక్కన తాత మోకాలికి ఆనుకొని కూర్చున్న పిల్లవాడు.

ఎండాకాలంలో మహిళా సంఘానికి బడి యూనిఫారాలు కుట్టే పని వచ్చింది. సంఘం లీడరు యాదలక్ష్మి మంజులకే ఎక్కువ పని ఇచ్చింది, కుట్టు సాఫుగా ఉంటుందని. బడిలో కొలతలు తీసిన రోజు శ్రవణ్ ముందు మగపిల్లల వరసలో నిలబడ్డాడు, కొలత ఇచ్చాడు. తర్వాత మళ్ళీ వచ్చి ఆడపిల్లల వరసలో నిలబడ్డాడు. "అమ్మా, నాకు గౌను కొలత గూడ తీసుకో," అన్నాడు. అందరూ నవ్వారు. మంజుల కూడా నవ్వింది.

వాడు ఇంటికొచ్చాక అడగడం మానలేదు. ఏడవలేదు, మారాం చెయ్యలేదు. రోజూ ఒకసారి అడిగేవాడు, అంతే. ఆమె గౌన్లు కుడుతుంటే పక్కన కూర్చొని కుచ్చులు వేలితో సరిచేసేవాడు. చివరికి ఒక మధ్యాహ్నం, సంఘం బట్టలో మిగిలిన కట్ పీసులు అతికి, వాడి కొలతకు ఒక గౌను కుట్టింది. తలుపు గడియ పెట్టి తొడిగింది. వాడు గదిలో గిర్రున తిరిగాడు. గౌను గొడుగులా విచ్చుకుంది. వాడు కళ్ళు మూసుకొని నవ్వాడు. పుట్టిన నాటి నుంచి వాడి ముఖంలో అంత నెమ్మది ఆమె చూడలేదు.

"ఇంట్లనే ఏసుకోవాలె. బయటికి పోవద్దు," అని చెప్పింది. "అమ్మ కుట్టిందని ఎవరికీ చెప్పద్దు. ఒట్టెయ్యి."

వాడు రెండు ఒట్లూ వేశాడు. మొదటిది నిన్న పొద్దున తప్పాడు. రెండోది మాత్రం, అన్ని దెబ్బలు తిని కూడా తప్పలేదు. గౌను ఏడికెళ్ళి తెచ్చినవురా అని తండ్రి అడిగిన ప్రతిసారీ "మూటలకెళ్ళి తీసిన" అన్నాడు.

వాడు దెబ్బలు తింటుంటే మంజుల గోడకు ఆనుకొని చూస్తూ ఉండిపోయింది.

*

మధ్యాహ్నం రెండు గంటలకు బడి నుంచి కబురొచ్చింది. హెడ్మాస్టరు రఘుపతి సారు తల్లిదండ్రులిద్దర్నీ రమ్మన్నాడు. ప్రమోద్ రానన్నాడు. మంజుల కొడుకుకు నిక్కరు తొడిగి, పిక్కల మీది వాతలు కనబడకుండా మేజోళ్ళు పైకి లాగి, చెయ్యి పట్టుకొని బయల్దేరింది.

దారిలో వాడు అడిగాడు. "అమ్మా, కొల్లాపూర్ల మగ్గం ఉంటదా?"

"ఉండదు బిడ్డ. మామిడితోటలుంటయి."

"మరి తాత?"

ఆమె వాడి చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

రఘుపతి సారు చెడ్డవాడు కాదు. రెండేళ్ళలో రిటైర్ అయ్యే మనిషి. ఆయన బల్ల మీద తిని మూత పెట్టిన టిఫిన్ డబ్బా, దాని పక్కన ఫోను ఉన్నాయి. ఫోను ఆగకుండా మిణుకుతోంది.

"కూసోమ్మా. ఆయన రాలేదా?"

"పానం బాగలేదు సార్."

ఆయన నమ్మినట్టు తలూపాడు. "పొద్దున నలుగురొచ్చి కూసున్నరు. మా పిల్లల పక్కన గా పిలగాన్ని కూసోబెట్టద్దంటరు. నేను ఏం చెప్పాలె? బడికి రావద్దనే హక్కు నాకు లేదు. రానియ్యి అంటె వాళ్ళు ఊరుకోరు. కుట్టిచ్చిన బట్టలల్ల బాలురకు ఒక తీరు, బాలికలకు ఒక తీరు అని ఉంది. నేను దాని మీదనే నడవాలె గదా."

"తెల్సు సార్. కుట్టింది నేనే."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ దాని రెండో అర్థం ఆమెకు తట్టలేదు. కానీ సారు దాన్ని యూనిఫారాల సంగతిగానే తీసుకున్నాడు.

"మంచిగ కుట్టినవమ్మా. ఆ మాట అందరు అంటున్నరు."

మంజుల నెమ్మదిగా అంది. "సార్, మేము నలుగురం ఆడపిల్లలం. నేను ఆఖరుదాన్ని. కొడుకు లేడని మా నాయిన నాకు క్రాపు కొట్టిచ్చి, అంగీ నిక్కరు తొడిగి పదేండ్లు తిప్పిండు. సైకిల్ ముందట కూసోబెట్టుకొని, గీడు నా కొడుకు అని చెప్పుకునేటోడు. ఊరంత ముద్దు చేసింది నన్ను. బడిల గూడ ఎవ్వలు ఏమనలే."

రఘుపతి సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నిజమేనమ్మా," అన్నాడు చివరికి. "నాకు గూడ ఒక చెల్లె ఉండె అట్లనే. కాని ఇది వేరే. ఎందుకు వేరే అని నన్ను అడగకు. అడిగితె నేను చెప్పలేను."

తర్వాత ఆయన సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీశాడు. "నాకు తోచిన దారి ఒక్కటే. గౌను సంగతి పక్కకు పెడ్దాం. పిలగాడు మూటలకెళ్ళి దొంగతనంగ తీసిండు, తెల్వక తొడుక్కున్నడు, తప్పయింది, ఇంకోసారి చెయ్యడు అని రాసియ్యాలె. వాడే రాయాలె. కింద మీరిద్దరు సంతకం పెట్టాలె. అది చూపిస్తె వాళ్ళు సల్లబడతరు."

శ్రవణ్ బల్లకు అటువైపు స్టూలు మీద కూర్చున్నాడు. వాడి పాదాలు నేలకు అందడం లేదు. సారు చెబుతుంటే పెన్సిల్‌తో పెద్ద పెద్ద అక్షరాలు రాశాడు. 'నేను' అని రాశాడు. 'మూటలో గౌను' అని రాశాడు. అక్కడ ఆగి తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, దొంగతనంకు ఏ ద రాయాలె? దండల దనా, ధనంల ధనా?"

వాడి ముఖంలో కోపం లేదు, నింద లేదు. తప్పు రాస్తే సారు కొడతాడేమోనన్న భయం ఒక్కటే ఉంది.

మంజుల కాగితం మీది అక్షరాలనే చూస్తోంది.

"దండల ద," అన్నాడు రఘుపతి సారే.

వాడు తలూపి కాగితం మీదికి వంగాడు. ద రాశాడు. దానికి ఒత్వం పెట్టబోతున్న వాడి చేతిలోంచి మంజుల పెన్సిల్ తీసుకుంది.

"సార్, ఈ కాయిదం నేను రేపు తెచ్చిస్త."

"ఇప్పుడే అయిపోతుండె గదమ్మా."

"ఆయన గూడ సంతకం పెట్టాలన్నరు గదా. రేపు తెస్త."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. గుమ్మం దాటుతుంటే సారు వెనక నుంచి అన్నాడు. "రేపటికంటె ఆలస్యం చెయ్యకమ్మా. నేను ఒక్క దినమే ఆపగలను."

*

ఇల్లు చేరేసరికి మూడున్నర దాటింది. గుమ్మం ముందు కొత్త చెప్పుల జత ఉంది. శ్రీశైలం వచ్చేశాడు.

ప్రమోద్ అక్క కృష్ణమ్మ పెనిమిటి అతను. కొల్లాపూర్ చుట్టుపక్కల మామిడితోటలు గుత్తకు పట్టే మనిషి. తెల్లచొక్కా, చేతిలో తువ్వాల. చాయ గ్లాసు పట్టుకొని మంచం మీద కూర్చున్నాడు. గట్టిగా మాట్లాడే అలవాటు లేనివాడు. అందుకే అతని మాటకు ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టం.

"వచ్చినవా చెల్లె," అన్నాడు. "ఏమాయె బడిల?"

"ఏం లేదన్న. మల్ల రమ్మన్నడు."

"మల్ల ఎందుకు? టీసీ తీసుకుంటె అయిపాయె." శ్రీశైలం శ్రవణ్‌ను దగ్గరికి రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. "ఏమిరా అల్లుడా, వస్తవా నాతోని? మా ఊరి పక్కకు కృష్ణ నది ఉంది. పుట్టి పడవల ఎక్కిస్త."

వాడు తల్లి వెనక్కి జరిగాడు.

లోపల సావిత్రమ్మ మనవడి బట్టలు సంచిలో సర్దుతోంది. చొక్కాలు, నిక్కర్లు, చలికి ఒక స్వెట్టరు. ఒక్కోటి మడిచి పెడుతూ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. మంజుల గడప దగ్గర నిలబడి అది చూసింది. ఆ చేతులు ఆగాలంటే తాను మాట్లాడాలి. మాట్లాడితే యాదలక్ష్మికి తెలుస్తుంది. సంఘం బట్టతో కొడుక్కు గౌను కుట్టుకుందని ఊరంతా అంటుంది. మిషను మీది పని పోతుంది. వీటన్నిటికంటే ముందు, ప్రమోద్ ముఖం చూడాలి. నిన్నటి నుంచి ఆమెను ఆపిన భయాలన్నీ ఇప్పుడూ అలాగే ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. కానీ వాటిని మోసే ఓపిక అయిపోయింది.

"అత్తమ్మా, సర్దకు," అంది.

"మల్ల మొదలుపెట్టినవా?" ప్రమోద్ లేచాడు. "బావ అంత దూరం నుంచి వచ్చిండు."

"వాడు దొంగతనం చెయ్యలే."

"ఏంది?"

"గౌను మూటలది కాదు. మూటల గౌన్లు అన్ని మూటలనే ఉన్నయి. అది నేను కుట్టిన. వాని కొలత తీసి, వానికోసమే కుట్టిన." ఆమె జాకెట్టులోంచి కాగితం తీసి మంచం మీద పెట్టింది. "దొంగతనం అని రాయమన్నరు బడిల. ఏ ద రాయాలె అని నన్ను అడుగుతున్నడు. నా చాతగాలే ఇగ."

పక్క అరలో మగ్గం ఆగిపోయింది.

ఇన్ని గొడవల్లో ఒక్కసారి కూడా ఆగని చప్పుడు ఆగేసరికి, అందరూ అటు చూశారు. వెంకటనర్సు గుంటలోంచి బయటికి రాలేదు. మగ్గం మీద రెండు చేతులు ఆనించి, తల మాత్రం ఇటు తిప్పాడు.

ప్రమోద్ కాగితం విప్పి చూశాడు. మూడు ముక్కలు, ఒక సగం అక్షరం.

"ఎందుకు కుట్టినవు?"

"అడిగిండు. రోజు అడిగిండు. కుట్టిన."

"నిన్న చెప్పలే."

"భయమైంది."

"భయమైంది." ఆ మాటను అతను మెల్లగా తిరగ అన్నాడు. ఆమె ఎదురుచూసిన కేక రాలేదు. "దొంగ అనుకుంట కొట్టిన వాన్ని. నా చెయ్యి ఇప్పటికి గుంజుతాంది. నువ్వు గా గోడకు నిలబడి చూసినవు. ఒక్క మాట చెప్తె ఆగిపోదునా? ఆగకపోతునో ఏమో. కాని చెప్పలే నువ్వు."

మంజుల వెనక్కి చెయ్యి చాపి కొడుకు తల తడిమింది.

"బామ్మర్ది, జర నిమ్మలంగ..." శ్రీశైలం చాయ గ్లాసు కింద పెట్టాడు.

"నేను నిమ్మలంగనే ఉన్న బావా." ప్రమోద్ కాగితాన్ని మళ్ళీ మడత పెట్టాడు. ఆ మడతలు సరిగ్గా పడటం లేదు. "నువ్వు వచ్చిన పని తప్పయింది. ఇంట్లకెళ్ళి పోవాల్సింది పోరడు కాదు."

సావిత్రమ్మ సంచి వదిలేసి లేచి వచ్చింది. "ఏం మాటలురా అవి? నోరు మంచిగ ఉండనియ్యి!"

"మరి ఏమనాలె? నువ్వే చెప్పమ్మా."

మంజుల ప్రమోద్ వైపే చూస్తోంది. అతను ఆమె వైపు చూడటం లేదు. పదేళ్ళ కాపురంలో వాళ్ళు ఎన్నోసార్లు అరుచుకున్నారు. ఇంత తక్కువ గొంతుతో ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అప్పుడు శ్రవణ్ తల్లి వెనక నుంచి బయటికి వచ్చాడు.

"అమ్మ అబద్ధం చెప్తాంది," అన్నాడు.

"బిడ్డా..."

"అమ్మ కుట్టలే డాడీ. నేనే తీసిన మూటలకెళ్ళి. ఒట్టు." వాడి మాటలు తడబడలేదు. నిన్నంతా చెప్పి చెప్పి నోటికి వచ్చిన మాటలు అవి. "అమ్మను పంపకు. నేనే పోత."

వాడు వంటింటి గడప దగ్గరికి పోయి సంచి రెండు చేతులతో పట్టుకున్నాడు. దాని జిప్పు ఇంకా వేయలేదు. స్వెట్టరు చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. సంచిని నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి శ్రీశైలం మోకాళ్ళ ముందు నిలబడ్డాడు. ఇందాక దగ్గరికి రానన్న పిల్లవాడు, ఇప్పుడు తానే అతని చూపుడువేలు పట్టుకున్నాడు.

"మామా, లే. బస్సు పోతది. పోదాం పా."

"ఆగురా," అంది సావిత్రమ్మ.

వాడు ఆగలేదు. వేలు పట్టి లాగాడు. శ్రీశైలం ఏం చెయ్యాలో తెలియక లేచాడు. లాగిన వైపు నాలుగు అడుగులు వేశాడు. ప్రమోద్ ముఖం చూశాడు, అక్కడేమీ లేదు. మంజుల ముఖం చూశాడు. ఆమె చేతులు చాపి అక్కడే నిలబడిపోయింది.

వీధి గుమ్మం దగ్గర శ్రవణ్ ఒంగి, ఒంటిచేత్తో తన చెప్పులు వేసుకున్నాడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. సంచి వాడి భుజానికి బరువైంది. అయినా వెనక్కి తిరిగి చూడలేదు.

శ్రీశైలం ఒక కాలు గడపకు అవతల, ఒక కాలు ఇవతల పెట్టి ఆగిపోయాడు.

"ప్రమోద్," అన్నాడు. "చెప్పు. ఏం చెయ్యమంటవు?"